ముందు పాదాలు, తర్వాతే బాల్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ బాస్కెట్‌బాల్ కొత్తగా మొదలెట్టినవాళ్లవే. వాటిలోంచి ఐదు తీసుకున్నా, మిగతావాళ్ల డౌట్స్ కూడా చాలావరకు వీటిలోనే తీరిపోతాయి.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ ఫస్టియర్. మా కాలేజీలో కోర్టు ఉంది, ఆడాలని చాలా ఇష్టం, కానీ నా హైట్ 5 అడుగుల 1 అంగుళం. ఫ్రెండ్సేమో పొట్టిదానివి నీకెందుకే ఈ ఆట అంటున్నారు. రోజూ త్రీ పాయింట్ లైన్ దగ్గర నిలబడి వేస్తున్నా, బాల్ రింగ్ దాకా కూడా వెళ్లట్లేదు. ఏం చెయ్యాలి?
– ఒంగోలు నుంచి ఒక అమ్మాయి

జవాబు: తల్లీ, ముందు హైట్ సంగతి తేల్చేద్దాం. అమెరికాలో మగ్సీ బోగ్స్ అని ఒక ప్లేయర్ ఉండేవాడు, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, అక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు, తనకంటే అడుగున్నర, రెండడుగులు పొడుగున్న వాళ్ల మధ్య. బాల్‌ని కింద కిందనే డ్రిబుల్ చేసేవాడు, అంటే నేలకి కొడుతూ తీసుకెళ్లేవాడు, అంత కిందకి వంగి లాక్కోవడం పొడుగువాళ్ల వల్ల అయ్యేది కాదు. హైట్ ఉంటే లాభమే, కాదనను, కానీ బాల్‌ని పైకి తీసుకొచ్చి నలుగురికీ పంచే పాయింట్ గార్డ్‌కి కావాల్సింది చెయ్యి, కన్ను, పాదాలు. నీకు ఆ స్థానం సరిగ్గా సరిపోతుంది.

ఇక త్రీ పాయింట్ లైన్. బయటినుంచి వేస్తే 3 పాయింట్లొచ్చే గీత అది, రింగ్‌కి 6.75 మీటర్ల దూరం. మొదలెట్టిన నెలలోనే అక్కడ నిలబడడం అంటే నేల విడిచి సాము చెయ్యడమే. బాల్ అందట్లేదని నువ్వు ఏం చేస్తావంటే, బలం కోసం రెండు చేతులతో నడుము దగ్గర్నుంచి విసురుతావు, మోచెయ్యి రెక్కలాగా బయటికి పోతుంది, ఆ అలవాటు ఒక్కసారి ఒంట్లోకి దిగిందంటే పోగొట్టడానికి నాకు ఏడాది పడుతుంది, నిజంగా చెప్తున్నా, నా దగ్గరికొచ్చిన పిల్లల్లో సగం మందితో ఇదే పని. అందుకే రేపటినుంచి రింగ్ ముందు రెండు అడుగుల దూరంలో నిలబడు. కాళ్లు భుజాలంత వెడల్పు, కుడిచేతి వాటమైతే కుడిపాదం కొంచెం ముందుకి, మోకాళ్లు వంచు. బాల్ కుడిచేతి వేళ్ల మీద ఉండాలి, అరచేతికి ఆనకూడదు, ఎడమచెయ్యి పక్కన ఊరికే ఆసరా, అది తొయ్యకూడదు. మోచెయ్యి రింగ్ వైపు చూడాలి. మోకాళ్లలోంచి పైకి లేస్తూ చెయ్యి చాచి వదులు, వదిలాక మణికట్టు కొబ్బరాకు చివర వంగినట్టు కిందకి వంగి అలాగే ఉండిపోవాలి. బాల్ వెనక్కి తిరుగుతూ వెళ్తే నువ్వు సరిగ్గా వదిలినట్టు. అక్కడ పదికి ఏడు పడితే ఒక్క అడుగు వెనక్కి జరుగు. పడకపోతే జరగొద్దు. అలా అడుగడుగూ జరుగుతూ ఫ్రీ త్రో లైన్ దాకా రా, ఫౌల్ అయ్యాక అడ్డులేకుండా వేసే గీత, రింగ్ వెనకున్న బోర్డ్‌కి 4.6 మీటర్లు అది, అప్పటికి నీకు షాట్ వచ్చేసినట్టే.

ఇంకోటి, కాలేజీలో ఏ బాల్ ఇచ్చారో దానిమీద నంబర్ చూడు. 7 ఉంటే అది మగవాళ్లది, 600 గ్రాముల దాకా బరువుంటుంది. ఆడవాళ్లది 6 నంబర్, కాస్త చిన్నది, తేలిక. పీఈటీ మేడంని గట్టిగా అడుగు, అది నీకు రావాల్సిందే.

ప్రశ్న: నమస్తే అండి. మా బాబుకి 9 ఏళ్లు. వాడికోసం డాబా మీద రింగ్ పెట్టిద్దాం అనుకుంటున్నా. ఎత్తు ఎంత పెట్టాలి, ఏ బాల్ కొనాలి?
– కరీంనగర్ నుంచి ఒక తండ్రి

జవాబు: పెద్దవాళ్ల రింగ్ 10 అడుగులండి, అంటే 3.05 మీటర్లు. ఈ 10 అడుగుల వెనక పెద్ద లెక్కేం లేదు, 1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ మాస్టారు చలికాలంలో లోపల ఆడుకునే ఆట కావాలని పీచ్ పళ్ల బుట్టలు రెండు తెచ్చి జిమ్ బాల్కనీ రెయిలింగ్‌కి కొట్టించారు, ఆ రెయిలింగ్ 10 అడుగుల ఎత్తులో ఉంది, అంతే, ఇప్పటికీ అదే నడుస్తోంది. మరి 9 ఏళ్ల పిల్లాడు దాన్నే పట్టుకుని ఎందుకు వేలాడాలి? పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో రింగ్ 2.60 మీటర్లు, బాల్ 5 నంబర్. అదే పెట్టించండి. ఎత్తు మార్చుకునే స్టాండ్ అయితే ఇంకా మంచిది. డాబా అంటున్నారు కాబట్టి చుట్టూ నెట్ కట్టించడం మర్చిపోకండి, పిట్టగోడ ఎక్కి బాల్ కోసం వంగే పిల్లల్ని తలుచుకుంటేనే నాకు గుండె జారిపోతుంది. సిమెంట్ నేల మీద రబ్బర్ బాల్ చాలు, లెదర్ బాల్ ఆ గరుకుకి కొన్నాళ్లకే తోలు లేచిపోతుంది. గాలి సరిపోయిందో లేదో తెలియాలంటే భుజం ఎత్తునుంచి వదలండి, నడుము దాకా లేస్తే సరిగ్గా ఉన్నట్టు.

ప్రశ్న: అన్నా, నేను బీటెక్ సెకండియర్, కాకినాడ. ఇంటర్ డిపార్ట్‌మెంట్ మ్యాచ్‌లో నేను లేఅప్‌కి, అంటే రింగ్ దగ్గరికి పరిగెత్తి ఎగిరి బాల్ వెయ్యడానికి, వెళ్లిన ప్రతిసారీ రెఫరీ విజిల్, స్టెప్స్ అంటాడు. యూట్యూబ్‌లో చూస్తే ఎన్‌బీఏ వాళ్లు మూడు నాలుగు అడుగులు వేస్తున్నట్టే ఉంది. నాకే ఎందుకు ఇలా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చూసి సంతోషమేసింది, ఎందుకంటే కొత్తవాళ్లని ఈ ఆట వదిలేసేలా చేసే విజిల్ ఇదే, దీన్ని ఓపిగ్గా విడమర్చి చెప్పేవాళ్లు తక్కువ.

బాల్ పట్టుకుని పరిగెత్తకూడదు అన్నది ఈ ఆటకి పునాది. నైస్మిత్ రాసిన 13 రూల్స్‌లోనే ఉంది. బాల్‌తో పరిగెత్తనిస్తే ఎదుటివాడు మీదపడి పడెయ్యాల్సి వస్తుంది, పరిగెత్తడమే లేకపోతే పడెయ్యాల్సిన అవసరమే లేదు అని ఆయన ఆలోచన. ఇప్పుడు నీ సంగతికొస్తే, విజిల్ రెండు చోట్ల పడుతూ ఉండాలి, ఏదో నువ్వే చూసుకో.

మొదటిది, బయల్దేరేటప్పుడు. నిలబడి బాల్ అందుకున్నావు, ఒక పాదం పివట్, దానిమీద గుండ్రంగా తిరగొచ్చు కానీ ఎత్తకూడదు. డ్రిబుల్ మొదలెట్టాలంటే బాల్ ముందు చేతిలోంచి వెళ్లాలి, ఆ తర్వాతే పివట్ పాదం లేవాలి. తొందరలో అందరం పాదం ముందు ఎత్తేసి తర్వాత బాల్ కొడతాం. కంటికి తెలీదు, రెఫరీకి తెలుస్తుంది. నేను కూడా చాలా ఏళ్లు ఇది తెలియకుండానే ఆడాను.

రెండోది, చివర్లో. డ్రిబుల్ ఆపి బాల్ రెండు చేతుల్లోకి తీసుకున్నాక రెండు అడుగులు. మనం ఆడేవి ఫీబా రూల్స్, అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్యవి, అందులో 2017లో ఒక మార్పు తెచ్చారు, పరిగెడుతూ బాల్ అందుకునే క్షణానికి నేలమీదున్న పాదం లెక్కలోకి రాదు, ఆ తర్వాత పడే రెండే లెక్క. ఎన్‌బీఏ వాళ్లవి మూడు అడుగుల్లా కనిపించేది ఎక్కువగా ఇందుకే. నువ్వు మాత్రం బాల్ ముందే పట్టేసుకుని, రింగ్ ఇంకా దూరం ఉందని మధ్యలో ఒక బుల్లి అడుగు వేస్తున్నావేమో, అది మూడోది అయిపోతుంది.

దీనికి మందు బాల్ లేకుండా ప్రాక్టీస్ చెయ్యడం. నవ్వకు. చిన్నప్పుడు ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే చూశావా, ఏ గడిలో ఏ పాదం పడాలో వాళ్లు ఆలోచించరు, పాదానికే తెలుసు. అలా అవ్వాలి. కుడివైపు నుంచి వెళ్తే కుడి, ఎడమ, ఎగురు. మొదటి అడుగు కుడిది పెద్దగా, రెండోది ఎడమది చిన్నగా గట్టిగా, దానిమీంచి పైకి లేస్తూ కుడి మోకాలు ఎత్తు, కుడిచేత్తో బాల్. ముందుకి కాదు, పైకి ఎగరాలి. నేలమీద సుద్దముక్కతో రెండు గుర్తులు పెట్టుకో, ఒక వంద సార్లు ఖాళీ చేతులతో నడు, తర్వాత బాల్ పట్టుకుని నడు, తర్వాత ఒక్క డ్రిబుల్‌తో, ఆ తర్వాతే పరుగు. బాల్‌ని రింగ్‌లోకి కాదు, బోర్డ్ మీదున్న చదరం పైమూలలో, నీవైపు ఉన్న మూలలో, మెల్లగా ఆనించు, అదే పడుతుంది. విసిరితే పడదు. ఎడమవైపు అంతా తిరగేసి చెయ్యి, మొదటి వారం చాలా విసుగొస్తుంది, మానొద్దు.

ప్రశ్న: గురువుగారూ, వయసు 42, ఐటీ ఉద్యోగం, మియాపూర్‌లో ఉంటాం. అపార్ట్‌మెంట్ కోర్టులో పిల్లలతో ఆడుతూ మడమ దగ్గర బెణికింది. మా అత్తగారు నూనె రాసి లాగిస్తే తగ్గిపోతుంది అంటున్నారు. మళ్లీ ఎప్పుడు ఆడొచ్చు?

జవాబు: లాగించొద్దండి, దయచేసి. లోపల లిగమెంట్ చిరిగుంటే లాగడంవల్ల ఇంకా చిరుగుతుంది. మొదటి రెండు రోజులు ఐస్ గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు, రోజుకి కొన్నిసార్లు, క్రేప్ బ్యాండేజ్ కట్టి కాలు దిండుమీద ఎత్తి పెట్టుకోండి. ఆ కాలిమీద బరువేసి నాలుగు అడుగులు నడవలేకపోతే, లేదా చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పుంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. ఆడడం ఎప్పుడంటే తేదీ చూసి కాదు, ఆ ఒక్క కాలిమీద నొప్పి లేకుండా గెంతగలిగినప్పుడు.

రన్నింగ్ షూస్‌తో ఆడి ఉంటారని నా అనుమానం. అవి ముందుకి పరిగెత్తడానికి చేసినవి, మడమ కింద మెత్తగా ఎత్తుగా ఉంటాయి, ఈ ఆటలో పక్కలకి ఆగి తిరుగుతాం కదా, అక్కడే పాదం మడతపడుతుంది. కోర్టు షూస్ కొనుక్కోండి, అడుగు భాగం వెడల్పుగా, చదునుగా ఉండాలి. ఇంకా రింగ్ కింద ఎగిరి దిగేటప్పుడు వేరేవాళ్ల పాదం మీద దిగడం వల్ల కూడా చాలామందికి బెణుకుతుంది, కాబట్టి రెండు కాళ్లతో, మోకాళ్లు వంచి దిగడం నేర్చుకోండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటామండి. మా అబ్బాయి ఇక్కడ స్కూల్ టీమ్‌లో చేరాడు, నేను ప్రతి మ్యాచ్‌కి వెళ్తా, కానీ ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక పక్కవాళ్లని చూసి కొడుతున్నా. కాస్త సులువుగా చెప్తారా?

జవాబు: అమ్మా, మీరు వెళ్లి కూర్చోవడమే వాడికి పెద్ద బలం. పాయింట్లు చాలా సులువు. గీసిన పెద్ద వంపు బయటినుంచి వేస్తే 3, లోపలినుంచి 2, ఫౌల్ అయ్యాక ఎవ్వరూ అడ్డులేకుండా వేసేది 1. స్కూల్ ఆటలో ఒకడు 5 ఫౌల్స్ చేస్తే ఇక ఆ మ్యాచ్‌కి బయటే, అందుకే మూడో నాలుగో ఫౌల్ పడగానే కోచ్ వాణ్ని బెంచ్ మీద కూర్చోబెడతాడు, మీవాడిని అలా కూర్చోబెడితే తిట్టారని అనుకోకండి, చివర్లో వాడు కావాలని దాచుకుంటున్నారు. రెఫరీ రెండు పిడికిళ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే స్టెప్స్ అని. బాల్ డ్రిబుల్ చేసి, పట్టుకుని, మళ్లీ డ్రిబుల్ చేస్తే అది డబుల్, బాల్ అవతలివాళ్లకి పోతుంది.

ఈసారి ఒక పని చెయ్యండి, బాల్ వైపు కాకుండా మీ అబ్బాయి పాదాలే చూడండి ఒక్క క్వార్టర్ అంతా. వాడి చేతిలో బాల్ లేనప్పుడు ఎటు పరిగెడుతున్నాడు, ఎవరికి దారిస్తున్నాడు, ఎవర్ని ఆపడానికి మోకాళ్లు వంచి పక్కకి జరుగుతున్నాడు అని. ఎక్కువసేపు ఆట అక్కడే జరుగుతుంది, స్కోర్‌బోర్డ్ మీద పడదు. ఇంటికొచ్చేటప్పుడు కార్లో ఎన్ని వేశావురా అని అడగకుండా, ఆ మూలలో వాణ్ని భలే ఆపావురా అని చెప్పండి.