టైగర్‌కి రంగు వేసే ముందు తేదీ రాసుకో

చి. నానీకి,

మామయ్య ఆశీస్సులు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకీ సోవియట్లకీ మధ్య జరిగిన కుర్స్క్ యుద్ధం మీద ఎవరో తీస్తున్న వార్‌గేమ్‌కి టైగర్ అనే జర్మన్ ట్యాంకుల టెక్స్చర్లు, అంటే మోడల్ మీద పరిచే రంగుల బొమ్మలు, నువ్వే చేస్తున్నావని అక్క చెప్పింది. చాలా గర్వంగా అనిపించింది. గుబులూ పుట్టింది. ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్లు కూడా దెబ్బతినేది బ్రష్ దగ్గర కాదు, చరిత్ర దగ్గర.

యూవీలు విప్పడం (మోడల్ పైతొడుగుని బల్లపరుపుగా పరచడం), బేక్ చేయడం (వివరాలని మ్యాప్‌లోకి దింపడం) నీకు నేను చెప్పక్కర్లేదు. రంగు చెప్పే ఆల్బెడో మ్యాప్ ఎస్ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో, గరుకుదనం చెప్పే రఫ్‌నెస్, లోహమా కాదా చెప్పే మెటాలిక్, ఎత్తుపల్లాలు చూపే నార్మల్ మ్యాప్‌లు లీనియర్‌లో (సవరించని అంకెలుగా) ఉండాలి. గేమ్ ఇంజిన్లలో అన్‌రియల్‌ది డైరెక్ట్ఎక్స్ పద్ధతి, యూనిటీది ఓపెన్‌జీఎల్. నార్మల్ మ్యాప్ ఎగుమతి చేసేటప్పుడే చూసుకో, లేకపోతే బోల్టులన్నీ గుంటలవుతాయి. 2కె (2048 పిక్సెళ్ల) మ్యాప్‌లో యూవీ ముక్కల చుట్టూ 16 పిక్సెళ్ల ప్యాడింగ్ (ఎడం) వదులు.

అన్నిటికన్నా ముందు ఫైలు పేరులోనే తేదీ రాసుకో: 1943 జూలై. రంగు దగ్గర్నుంచి చక్రాల దాకా అన్నీ ఆ తేదీని బట్టే తేలతాయి. 1943 ఫిబ్రవరి 18 ఉత్తర్వుతో జర్మన్ వాహనాల మూలరంగు ముదురు బూడిద నుంచి డంకెల్‌గెల్బ్ అనే ముదురు పసుపుకి మారింది. దాని మీద ఆలివ్ ఆకుపచ్చ, ఎర్ర గోధుమ రంగులు యూనిట్ల దగ్గరే కొట్టుకున్నారు. ఆ రంగు ముద్దలా వచ్చేది. పెట్రోలో నీళ్లో, ఏది దొరికితే అది కలిపి స్ప్రే చేసేవారు. నీళ్లతో కలిపినది వానకి కారిపోయేది. అందుకే పక్కపక్కన నిలబడ్డ రెండు ట్యాంకులు కూడా ఒకే ఛాయలో ఉండవు. నువ్వు కూడా మూలరంగుని వాహనానికీ వాహనానికీ కొద్దిగా జరుపు.

అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా పూసే జిమ్మరిట్ పూత జోలికి పోకు. ఫ్యాక్టరీల్లో అది మొదలైంది కుర్స్క్ అయిపోయాకే. ఉక్కు అంచు చక్రాలు 1944 సంగతి, నీ టైగర్‌వి రబ్బరు అంచువి. ఇంగ్లండ్‌లో బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలోని టైగర్ 131 ఫొటోలు ఎక్కడ చూసినా దొరుకుతాయి కదా అని దాని రంగు ఎత్తుకురాకు. అది 1943 ఏప్రిల్‌లో ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాలో పట్టుబడిన బండి. కొలతలకి, బోల్టుల అమరికకి మాత్రం అంతకు మించినది దొరకదు.

ఇక అందరూ పదేపదే చేసే తప్పు: తుప్పు, పెచ్చులు. అంచులు అరిగినట్టు తనంతట తనే గీసే సాఫ్ట్‌వేర్ జనరేటర్ ఒక్క నొక్కుతో ట్యాంకు మొత్తాన్ని పాత సామాన్ల కొట్టులోంచి లాక్కొచ్చినట్టు చేస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ అబద్ధం. టైగర్ల తయారీ మొదలైందే 1942 ఆగస్టులో. కుర్స్క్‌లో నిలబడ్డ అతి పాత టైగర్‌కి కూడా ఏడాది నిండలేదు. దళసరి కవచానికి అప్పుడే అంత తుప్పు ఎక్కడిది?

ఒక్కసారి లెక్క వేసి చూడు. మీటరుకి 256 పిక్సెళ్లు పెట్టుకుంటే, తుపాకీ గొట్టం కాకుండా 6.3 మీటర్ల హల్ (ట్యాంకు మొండెం) సుమారు 1,600 పిక్సెళ్లు. అంటే ఒక పిక్సెల్ దాదాపు 4 మిల్లీమీటర్లు. సరదాగా పది పిక్సెళ్ల వెడల్పున పెచ్చు గీశావంటే, అది నాలుగు సెంటీమీటర్ల దెబ్బ! మామూలు గీతలు ఒక పిక్సెల్‌లోనే కలిసిపోతాయి, వాటిని గీయాల్సిన పనే లేదు. పెచ్చు లేచినచోట కూడా వెంటనే వెండిలా మెరవదు. పసుపు కింద ఎర్రమట్టి రంగు ప్రైమర్, ఆ తర్వాతే ఉక్కు. ఫిబ్రవరికి ముందు ఫ్యాక్టరీ దాటిన బండైతే పసుపుకీ ప్రైమర్‌కీ మధ్య బూడిద పొర ఉంటుంది. రంగున్నంత మేరా మెటాలిక్ సున్నా. ఒకటి పెట్టాల్సింది ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టీ) నేలకి రాసుకునే ముఖాలకి, దాన్ని తిప్పే స్ప్రాకెట్ చక్రం పళ్లకి, సిబ్బంది బూట్లు రోజూ పడే హ్యాచ్ అంచులకి. తుప్పు నిజంగా ఉండేది వెనక పొగగొట్టాల రేకు తొడుగుల మీద, ఎందుకంటే వేడికి అక్కడ రంగు కాలిపోతుంది. ట్రాక్‌ల లోతుల్లోనూ ఉంటుంది.

మరి వాడకం ఎలా కనబడాలి? దుమ్ముతో. జూలైలో ఆ స్టెప్పీ మైదానాల దుమ్ము హల్ కింది భాగంలో, మడ్‌గార్డుల మీద, ఇంజిన్ డెక్ మూలల్లో పేరుకుంటుంది. దానికి రఫ్‌నెస్ (0 నునుపు, 1 పూర్తి గరుకు) 0.9 పైన, మ్యాట్ రంగుకి 0.75 దగ్గర, ఇంధనం పోసే మూత చుట్టూ నూనె మరకకి 0.3. రబ్బరుని కారునలుపు చేయకు, ఆల్బెడోలో (0 నుంచి 255 కొలతలో) 30 కన్నా కిందికి దించొద్దు. వార్‌గేమ్‌లో ఆటగాడు చూసేది పైనుంచి. టరెట్ (పైన తిరిగే తుపాకీ గూడు) కప్పు, ఇంజిన్ డెక్ మీద పెట్టిన శ్రమే కనబడుతుంది, కింది చక్రాల మీద పెట్టినది కనబడదు.

టరెట్ నంబర్లకి వేరే డెకాల్ (పైన అతికించే బొమ్మ) పెట్టు. యూవీలు సగానికి మడిచి రెండు వైపులా వాడుకుంటే ఒకవైపు అంకెలు తిరగబడతాయి, మచ్చలు కూడా అద్దంలో చూసినట్టు ఒకేలా వస్తాయి. నంబర్లు నోటికొచ్చినట్టు వేయకు. కుర్స్క్‌లో పోరాడిన జర్మన్ 503వ భారీ ట్యాంకుల బెటాలియన్‌లో 45 టైగర్లు: కమాండ్‌కి 3, మూడు కంపెనీలకి 14 చొప్పున. మొదటి అంకె కంపెనీ, రెండోది ప్లటూన్, మూడోది బండి. ప్లటూన్‌కి నాలుగే కాబట్టి 231 ఉంటుంది, 237 ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను. పక్కల మీద ఉండాల్సింది తెల్ల అంచున్న నల్ల శిలువ. భయంకరంగా కనబడాలని స్వస్తికలు, పుర్రెలు అతికించకు. గడప మీద స్వస్తిక చూస్తూ పెరిగినవాళ్లం, యూరప్‌వాళ్లకి అది ఎంత గాయమో మనకి చప్పున తట్టదు. జర్మనీలో నాజీ గుర్తుల మీద చట్టం ఉంది. 2018 నుంచి గేములకి ఒక్కొక్కదాన్ని విడిగా చూసి సడలిస్తున్నారు, అంతే. అలాగే జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్ ఫొటోలు వికీమీడియాలో ఉన్నాయని ముక్కలు కత్తిరించి మ్యాప్‌లో అతికించకు. వాటికి లైసెన్సు షరతులున్నాయి. చూసి నేర్చుకో, గీసుకో.

రాత్రి రెండింటి దాకా కూర్చుంటున్నావని కూడా అక్క చెప్పింది. ఆ వేళలో స్క్రీన్ నైట్ మోడ్‌లో పసుపుగా ఉంటుంది. దాన్ని చూసి పసుపు తగ్గిస్తావు, పొద్దున చూస్తే ట్యాంకు బూడిదరంగులో ఉంటుంది. రంగు పని పగలే పెట్టుకో నాన్నా. రాత్రి పడుకో.

ముందు 231 ఒక్కటే పూర్తిచెయ్. ఆట కెమెరా ఎత్తు నుంచి తీసిన స్క్రీన్‌షాట్ పంపు, దగ్గరి షాట్లు వద్దు. నేను చూశాక మిగతా బళ్లు మొదలుపెడుదువు.

మీ మామయ్య