సూత్రం ముందు కాదు, జ్వరం ముందు

అమ్మాయీ,

సరళరేఖ సమీకరణం మీద నువ్వు రాసి పంపిన పాఠం రెండుసార్లు చదివాను. లెక్కల్లో తప్పు లేదు. కానీ మొదటి వాక్యంలోనే వై = ఎంఎక్స్ + సి అని దించేశావు. తొమ్మిదో తరగతి పిల్లాడు అక్కడే ఆగిపోతాడు.

నిన్నటిదాకా వాడికి ఎక్స్ అంటే దాక్కున్న అంకె. 2ఎక్స్ + 3 = 11 అంటే 4 అని పట్టేసి, కింద గీత కొట్టి, పుస్తకం మూసేవాడు. ఇవాళ వై = 2ఎక్స్ + 3 ఇస్తే "ఎక్స్ ఎంత సార్?" అంటాడు. నువ్వు జవాబు చెప్పాల్సింది ఆ ప్రశ్నకే. ఇక్కడ ఎక్స్ ఎంతైనా కావచ్చు, వై మాత్రం దాని వెంటే నడవాలి. అలా కుదిరిన జంటలన్నీ గ్రాఫు కాగితం మీద ఒకే గీతలో వరస కడతాయి. ఈ ముక్క చెప్పడానికి పేజీ పట్టినా ఫరవాలేదు.

తర్వాత థర్మామీటరు పట్టుకో. జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లో చూస్తాం, ఎండను సెల్సియస్‌లో చెప్పుకుంటాం. మంచు కరిగేచోట సెల్సియస్ 0కి ఫారెన్‌హీట్ 32, నీళ్లు మరిగేచోట 100కి 212. ఇది 100 పెరిగితే అది 180 పెరిగింది, అంటే ఒక్కోదానికి 9/5. అదే వాలు, నీ సూత్రంలో ఎం. సున్నా దగ్గర ఉన్న 32 అంతరఖండం, అంటే సి. ఇప్పుడు 37 వేసి చూడమను. 98.6 వస్తుంది, ఇంట్లో అందరికీ తెలిసిన అంకె. సూత్రం అప్పుడు రాయి. (సెల్సియస్‌కీ సి, అంతరఖండానికీ సి పెట్టకు. నేనొకసారి పెట్టి, పాఠకుల చేత చీవాట్లు తిన్నాను.)

సున్నా దగ్గరి విలువ ఇవ్వని లెక్క కూడా ఉండాలి. (2, 7), (5, 1) తీసుకో. "తీసివేత వరస తప్పకండి" అని హెచ్చరించి వదిలేశావు. హెచ్చరికలు ఎవరు చదువుతారు? ఆ తప్పేదో నువ్వే చేసి చూపించు. పైన వైల తేడా 1 − 7, కింద ఎక్స్‌ల తేడా తిరగేసి 2 − 5 వేసి భాగిస్తే వాలు 2 వస్తుంది. మొదటి బిందువుతో వై = 2ఎక్స్ + 3 కూడా చక్కగా కుదురుతుంది. రెండో బిందువు వేస్తే 1 రావాల్సినచోట 13! దొంగ దొరికాడు. సరిచేస్తే వాలు −2, సమీకరణం వై = −2ఎక్స్ + 11. ఈసారి రెండు బిందువులూ ఒప్పుకుంటాయి.

గీతలకు సమీకరణాలు రాసే దారి చూపిన గణితవేత్త డెకార్ట్ 1637 నాటి కథ బాగుంది కానీ పాఠం మధ్యలో అడ్డు. చివరికి జరుపు. జరిపితే మరో గణితవేత్త ఫెర్మాను మరవకు, ఆ రోజుల్లోనే ఆయనా విడిగా ఈ దారి పట్టాడు.

నిలువు గీత సంగతి రాయనేలేదు. ఎక్స్ = 4 కి వాలు కడదామంటే కింద సున్నా వస్తుంది, నీ సూత్రంలో అది ఇమడదు. నాలుగు వాక్యాలు చాలు. అది కలిపి, గ్రాఫులు చేత్తో గీసి, మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు