పెసరట్టు దగ్గర సున్నా

బ్రాడీపేట, గుంటూరు

కన్నా,

విజయవాడ వెళ్లి నెల కాలేదు, అప్పుడే మ్యాట్రిక్స్ అంటే టెన్షన్ అంటున్నావట, మీ అమ్మ చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన పేజీ చూశాను. రో ఆపరేషన్లు, అంటే అడ్డు వరుసల్ని ఒకదానికొకటి కలపడం, తీసేయడం, శుభ్రంగానే చేశావు. తప్పు అంతకు ముందే, సమీకరణాలను మాత్రికలోకి, అదే నీ మ్యాట్రిక్స్ అనే అంకెల పట్టికలోకి, దించేటప్పుడే జరిగింది. పాతికేళ్లు ఇంటర్ పిల్లలకి చెప్పాను, అందరూ జారేది అక్కడే.

శంకర్ విలాస్ సెంటర్లో ఒక హోటల్ అనుకో. మొదటి టేబుల్‌కి ఒక ఇడ్లీ, ఒక పెసరట్టు, ఒక కాఫీ: బిల్లు 100. రెండో టేబుల్‌కి రెండు ఇడ్లీ, ఒక కాఫీ: 80. మూడో టేబుల్‌కి ఒక పెసరట్టు, రెండు కాఫీ: 90. ధరలు కావాలి. ఎక్స్, వై, జెడ్ అని పదిసార్లు రాయడం ఎందుకని అంకెలు మాత్రం ఉంచుకుంటాం. ఇడ్లీకి ఒక నిలువు వరుస, పెసరట్టుకి ఒకటి, కాఫీకి ఒకటి. గీత గీసి, అవతల బిల్లు. అదే ఆగ్మెంటెడ్ మాత్రిక.

1 1 1 | 100
2 0 1 | 80
0 1 2 | 90

రెండో టేబుల్ వాళ్లు పెసరట్టు తినలేదు కాబట్టి అక్కడ సున్నా. నువ్వు నీ లెక్కలో సరిగ్గా అలాంటి సున్నానే వదిలేసి, పక్క అంకెను ఇవతలికి జరిపావు. ఇక్కడ అలా చేస్తే రెండో వరుస 2 1 0 | 80 అవుతుంది. కాఫీ కాస్తా పెసరట్టయిపోయింది! చేసుకుంటూ పోతే చివరి వరుస 0 0 0 | −30 అని తేలుతుంది. ఏమీ తినకుండా బిల్లు వచ్చినట్టు. నీ లెక్కలోనూ ఇలాగే తేలింది, అందుకే 'సాధన లేదు' అని రాశావు. నీ తర్కం సరైనదే, లెక్కే వేరేవాళ్లది.

చైనా వాళ్లు రెండు వేల ఏళ్ల కిందటే ఇలాంటి లెక్కలు పుల్లలు పేర్చి చేసేవారు. రాయడానికి సున్నా లేకపోయినా, ఆ చోటు ఖాళీగా వదిలేవారు తప్ప పక్క పుల్లల్ని అందులోకి జరిపేవారు కాదు. మనకి సున్నా ఉండి కూడా బద్ధకం. నేనూ డిగ్రీ పరీక్షలో ఇదే చేసి మార్కులు పోగొట్టుకున్నాను, మీ తాతయ్యకి ఇప్పటికీ చెప్పలేదు.

సరైన మాత్రికతో చెయ్యి. రెండో వరుసలోంచి మొదటి వరుసకి రెండింతలు తీసేస్తే 0 −2 −1 | −120. దానికి మూడో వరుసను రెండింతలు చేసి కలిపితే 0 0 3 | 60. కాఫీ 20. మూడో బిల్లులో పెడితే పెసరట్టు 50, మొదటి దాంట్లో ఇడ్లీ 30. రెండో బిల్లుతో సరిచూడు: 60, 20 కలిపి 80.

ఇంకొకటి. సమీకరణం చివర 'మైనస్ 90 ఈక్వల్ టు సున్నా' అని ఇస్తే, ముందు 90ని అవతలికి పంపి, ఆ తర్వాతే గీత గియ్యి. గుర్తు మారేది అక్కడే.

ఆ లెక్క మళ్లీ చేసి ఫోటో పంపు. ఏ వరుసకి ఏం చేశావో మార్జిన్లో రాయి, నాకు కళ్లద్దాలు పెట్టుకుని వెతికే ఓపిక లేదు. హాస్టల్లో కాఫీ ఇస్తున్నారా, ఇంకా పాలేనా?

అమ్మమ్మ