సర్టిఫికెట్‌కు మూడేళ్లు, అప్పుకు అయిదేళ్లు

ప్రశ్న: ఆరేళ్లుగా ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. రెండేళ్లుగా జీతం పెరగలేదు. అయిదేళ్ల వ్యక్తిగత రుణం తీసుకుని మొదట క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్ సేవల) సర్టిఫికేషన్లు, ఆ తర్వాత ఉద్యోగం మానేసి మాస్టర్స్ చేయాలనుకుంటున్నాను. పొదుపు రెండు నెలల ఖర్చులకు సరిపోతుంది. ఇది సరైన నిర్ణయమేనా?

జవాబు: కాదు. చదువు మంచిదా కాదా అన్నది తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ రెండు నెలల పొదుపు. కొత్త అర్హత సంపాదిస్తే జీతం దానంతటదే పెరుగుతుందన్న ధీమాతో అత్యవసర నిధిని పక్కనపెట్టి అప్పు చేసేవారిని తరచూ చూస్తుంటాను. 12 శాతం వడ్డీతో 60 వాయిదాల్లో తీర్చే రుణంలో ప్రతి 100కు సుమారు 133 కట్టాల్సి వస్తుంది. పైగా వ్యక్తిగత రుణానికి చదువు పూర్తయ్యేదాకా ఆగే వెసులుబాటు సాధారణంగా ఉండదు. మీరు తరగతి గదిలో, జీతం లేకుండా కూర్చున్న నెలలోనూ వాయిదా కోత పడుతుంది. ఉద్యోగం మానేసిన రోజునే సంస్థ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా చాలావరకు ఆగిపోతుందన్న సంగతి మీ లెక్కలో ఎక్కడా కనిపించలేదు.

అమెజాన్ క్లౌడ్ విభాగమైన ఏడబ్ల్యూఎస్ ఇచ్చే సర్టిఫికేషన్లు సాధారణంగా మూడేళ్లే చెల్లుతాయి. మైక్రోసాఫ్ట్ అసోసియేట్, ఎక్స్‌పర్ట్ స్థాయి సర్టిఫికేషన్లకైతే ఏడాదే గడువు, కాకపోతే వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా పునరుద్ధరించుకోవచ్చు. గడువు తీరిన కాగితానికి ఇంకో రెండేళ్లు వాయిదాలు కట్టడం ఏ లెక్కన లాభమో నాకు అర్థం కాలేదు. క్లౌడ్, నెట్‌వర్క్, భద్రతా విభాగాల్లోనూ, ధ్రువీకరణ పొందిన సిబ్బంది ఇంతమంది ఉండాలని షరతున్న, ఆ క్లౌడ్ కంపెనీలకు భాగస్వాములైన సంస్థల్లోనూ ఈ సర్టిఫికేషన్లు నిజంగా పనికొస్తాయి. అలాంటి చోట పరీక్ష రుసుమును సంస్థే భరిస్తుందేమో ముందు అడగండి. మామూలు అప్లికేషన్ ప్రోగ్రామింగ్‌లో మాత్రం ఆరేళ్ల అనుభవమున్న మీ చేత ఇంటర్వ్యూలో కోడ్ రాయించి చూస్తారు. మాస్టర్స్ డిగ్రీ సాధారణంగా పరిశోధన ఉద్యోగాలకు అవసరం. మీకు ఆ దారే కావాలంటే ఉద్యోగం వదలకుండా చేసే ఆన్‌లైన్ కోర్సులున్నాయి.

ముందుగా ఆరు నెలల ఖర్చులకు సరిపడా సొమ్మును, తీసుకునేందుకు వీలుగా, వేరే ఖాతాలో కూడబెట్టండి. సొంతంగా ఒక ఆరోగ్య బీమా తీసుకోండి. ఈ రెండూ పూర్తయ్యేలోగా ఒక్క సర్టిఫికేషన్ పరీక్షకు, అదీ జీతంలో మిగిలిన డబ్బుతోనే, రుసుము కట్టండి. రుణ దరఖాస్తు నింపి ఉంటే వెనక్కి తీసుకోండి.