పేరొచ్చిన కుర్ర రేసర్‌కి ట్రాక్ మీద ధ్యాస తగ్గుతుందా?

మీరు అడిగింది ఇది: తమ్ముడికి పదిహేడేళ్లు. విజయనగరం నుంచి చెన్నై వెళ్లి కార్టింగ్ (కార్టు అనే చిన్న రేసు బండ్ల) పోటీల్లో నడుపుతున్నాడు. ఇన్‌స్టాలో పేరొచ్చింది, షాపు ఓపెనింగులకీ కాలేజీ ఫంక్షన్లకీ పిలుస్తున్నారు. ఈమధ్య ఫలితాలు తగ్గాయి. "హీరో వేషాలు మొదలెట్టాడు, ఇంక రేసులు అయిపోయినట్టే" అని చుట్టాలంటున్నారు. అది నిజమా, ఇవన్నీ మాన్పించాలా?

అన్నీ మాన్పించక్కర్లేదు. పేరొచ్చినంత మాత్రాన ఎవరూ నెమ్మదించరు. పేరు వెంట వచ్చే పనులు రేసు వారంలో నిద్రనీ, సెషన్ (ట్రాకు మీద ఒక విడత నడపడం) అయ్యాక వచ్చే అరగంటనీ తినేస్తే నెమ్మదిస్తారు. ఆ రెండూ కాపాడుకుంటే మిగతా రోజుల్లో ఎన్ని రిబ్బన్లు కత్తిరించినా ల్యాప్ టైమ్ (ట్రాకు ఒక చుట్టుకి పట్టే సమయం) మారదు. పరువు పోవడం వేరే సంగతి. అది ఎక్కువగా చేతిలో ఉన్న ఫోన్ వల్ల పోతుంది, పార్టీల వల్ల కాదు.

చుట్టాల మాటకి సాక్ష్యంగా అందరూ ఫార్ములా వన్ కార్ల రేసర్ జేమ్స్ హంట్‌ని చూపిస్తారు. తాగుడు, పార్టీలు, ఆడవాళ్లు, అన్నీ ఉన్న మనిషి. 1976లో మెక్‌లారెన్ టీము కారు నడిపి ప్రత్యర్థి నికీ లౌడా మీద ఒక్క పాయింటు తేడాతో, 69–68, ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అయితే అది లౌడా జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ ట్రాకు మీద మంటల్లో కాలి గాయపడి రెండు రేసులు పోగొట్టుకున్న ఏడాది. హంట్ 1979లో సీజన్ మధ్యలోనే మానేశాడు, 1993లో నలభై ఐదేళ్లకే గుండెపోటుతో పోయాడు. పార్టీలకి పేరుపడ్డ కిమీ రైకోనెన్ కూడా 2007లో ఒక్క పాయింటుతోనే గెలిచాడు: అతనికి 110, హామిల్టన్‌కీ అలోన్సోకీ చెరో 109. వీళ్లని చూసి పార్టీ చేసినా ఫర్వాలేదనుకోవడం తప్పు, పార్టీ చేస్తే పని అయిపోయిందనుకోవడమూ తప్పు.

నాకు పనికొచ్చే ఉదాహరణ లూయిస్ హామిల్టన్. 2018 సెప్టెంబరు 2న ఇటలీలోని మోంజాలో గెలిచి, తన పేరుతో తెచ్చిన బట్టల లాంచ్ కోసం షాంఘై, అక్కడినుంచి న్యూయార్క్ తిరిగి సింగపూర్ వచ్చాడు. 15న 1 నిమిషం 36.015 సెకన్లతో పోల్ (రేసులో అందరికన్నా ముందు నిలబడే చోటు) కొట్టాడు, మర్నాడు రేసు కూడా గెలిచాడు, ఆ ఏడాది టైటిలూ అతనిదే. ఇదే మనిషి 2011లో తనలాంటి కారే నడిపిన సహచరుడు జెన్సన్ బటన్ 270 పాయింట్లు తెస్తే 227 దగ్గర ఆగిపోయాడు. ఫెరారీ డ్రైవర్ మాస్సాతో పదే పదే గుద్దుకున్నాడు. సొంత జీవితంలో గొడవలు నడపడం మీద పడుతున్నాయని తనే ఒప్పుకున్నాడు. 2018లో తిరుగుడంతా రెండు రేసుల మధ్య ఖాళీలో, టీముకి తెలిసి జరిగింది. 2011లో ఉన్నది మనసులో గొడవ, దానికి ఫంక్షన్లు రద్దు చేస్తే మందు కాదు. మీ తమ్ముడి సమస్య ఇందులో ఏదో ముందు తేల్చుకోండి. ప్రేమ వ్యవహారమో, ఇంట్లో డబ్బు గొడవో నడుస్తుంటే ఓపెనింగులు ఆపడం వల్ల ఒరిగేదేం లేదు.

తిరగేసి చూడాలంటే తమిళ హీరో అజిత్ కుమార్ ఉన్నాడు. 2025 జనవరిలో అతని టీము దుబాయ్ 24 గంటల రేసులో తన క్లాసులో మూడో స్థానం తెచ్చుకుంది. రేసుల సీజన్ నడుస్తున్నంతకాలం కొత్త సినిమా ఒప్పుకోనని ముందే చెప్పేశాడు. అంత పేరున్న మనిషే నెలల్ని రెండుగా చీల్చుకున్నాడు, పదిహేడేళ్ల కుర్రోడు వారాల్ని చీల్చుకోలేడా?

ఇప్పుడు నిద్ర. గంటకి 100 కిలోమీటర్లంటే సెకనుకి 27.8 మీటర్లు. స్పందన సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యమైతే బ్రేకింగ్ పాయింట్ 1.4 మీటర్లు దాటిపోతుంది. కార్టు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరమే మీటరు చిల్లర. అంటే ఆ దూరం కన్నా ఎక్కువే లేటు. అపెక్స్ (మలుపులో లోపలి అంచుని తాకాల్సిన చోటు) తప్పుతుంది, తిన్నగా వెళ్లే చోటికి తక్కువ వేగంతో బయటికొస్తాడు, ఆ నష్టం తర్వాతి మలుపుదాకా లాగుతుంది. నిద్రలేచి 17 గంటలు దాటిన మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని పరిశోధనలు తేల్చాయి. మన దేశంలో రోడ్డు మీద బండి నడపడానికి పరిమితే 0.03. పొద్దున్న ఆరింటికి లేచినవాడు రాత్రి పదకొండింటికి కోట జంక్షన్ దగ్గర ఫంక్షన్ ముగించుకుని, అప్పుడు విశాఖ వెళ్లి తెల్లవారుజాము ఫ్లైటెక్కి, ఆ రోజే ప్రాక్టీసులో కూర్చుంటే ఏమవుతుందో లెక్క వేసుకోండి. మందు ముట్టకపోయినా ఫలితం ముట్టినట్టే.

కాబట్టి ఆదివారం రేసు, శుక్రవారం ప్రాక్టీసు అయితే మంగళవారం సాయంత్రం తర్వాత ఒక్క హాజరూ ఒప్పుకోకూడదు. బుధవారం పగలు ప్రయాణం, ప్రాక్టీసుకి ముందు రెండు పూర్తి రాత్రుల నిద్ర. రాత్రి రైల్లో పడుకున్నది నిద్ర కింద లెక్కెయ్యకండి. ఎనర్జీ డ్రింక్‌లో కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి తాగితే తొమ్మిదింటికి సగం ఒంట్లోనే ఉంటుంది. స్పాన్సర్ ఇచ్చిన డబ్బా ఫోటోకి పట్టుకుంటే చాలు, తాగాలని ఎక్కడా రాసి ఉండదు.

చెన్నై ఉక్కలో నీళ్ల లెక్క కూడా ధ్యాస లెక్కే. సెషన్‌కి ముందూ తర్వాతా తూకం చూడండి. 60 కిలోల మనిషి 1.2 కిలో, అంటే రెండు శాతం, తగ్గాడంటే అప్పటికే బుర్ర మందగించడం మొదలైంది. తగ్గిన ప్రతి కిలోకీ లీటరున్నర చొప్పున, ఒక్కసారి కాకుండా రెండు మూడు గంటల్లో తాగించాలి. ఉత్త నీళ్లే కాకుండా ఉప్పు మజ్జిగో ఓఆర్‌ఎస్సో ఉండాలి. పొద్దున్న ఇంట్లో అలవాటైన చోడి అంబలి తాగేవాడైతే అక్కడా అదే తాగనివ్వండి, రెండు గంటల ముందు. రేసు రోజు హోటల్ బఫేలో కొత్త తిండి ప్రయోగాలు వద్దు. ఫంక్షన్ల సీజన్లో వరసగా విందులు తిని రెండు కిలోలు పెరిగితే కార్టుకి బిగించిన బ్యాలస్ట్ (కనీస బరువు కోసం పెట్టే దిమ్మలు) తీసి సరిచేస్తారు. తీయడానికి బ్యాలస్ట్ లేకపోతే ఆ బరువు ప్రతి ల్యాపులో మోయాల్సిందే.

సెషన్ తర్వాతి అరగంట గురించి ఎవరూ పట్టించుకోరు, అసలు దొంగతనం అక్కడే జరుగుతుంది. కార్టు లోపలికి రాగానే మెకానిక్ వేడి టైర్ల ప్రెషర్ కొలుస్తాడు. రెండు నిమిషాలు ఆగితే టైరు చల్లబడి ఆ అంకె పనికిరాదు. ఆ అంకె పక్కనే డ్రైవర్ మాట కూడా పడాలి: ఏ మలుపులో ముందు జారింది, ఎక్కడ వెనక తిరగబోయింది, మలుపులోకి వెళ్తున్నప్పుడా, మధ్యలోనా, గ్యాస్ తొక్కినప్పుడా. హెల్మెట్ తీసీ తీయగానే సెల్ఫీలకి నిలబడ్డాడంటే పావుగంట తర్వాత చెప్పేది సొంత జ్ఞాపకం కాదు, పక్కవాళ్లు మాట్లాడుకున్నది. అప్పుడు మెకానిక్ ముందు సమస్యకి వెనక సెట్టింగ్ మారుస్తాడు, తర్వాతి సెషన్ మొత్తం వృథా. నోట్‌బుక్‌లో ఆరేడు లైన్లు రాసేదాకా ఫోన్ మీ నాన్నగారి జేబులో ఉండాలి.

ఫలితాలు తగ్గడానికి ధ్యాసే కారణమా అన్నది చుట్టాలు చెప్పక్కర్లేదు, బండిలో వేగమూ సమయమూ రికార్డు చేసే డేటా లాగర్ చెప్తుంది. ట్రాఫిక్ లేని పది ల్యాపులు వరసగా తీసుకోండి. అన్నింటిలో మంచిదీ, ఆ పదింటి సగటూ, వాటి మధ్య తేడా చూడండి. మంచి ల్యాపు మునుపటిలాగే ఉండి తేడా 0.3 సెకన్ల నుంచి 0.7కి పెరిగితే బండి బాగానే ఉంది, మనిషి నిలకడ పోయింది. పది ల్యాపులూ సమానంగా నెమ్మదిగా ఉంటే ఇంజనో, పాత టైర్లో, ట్రాకు ఉష్ణోగ్రతో చూడాలి, కుర్రోణ్ణి తిట్టకండి. మొదటి ఆరూ బాగుండి చివరి నాలుగూ జారిపోతే నిద్ర, నీళ్లు, మెడ కండరాలు. బ్రేక్ వేసే చోటు ఒకే మలుపులో ల్యాపు ల్యాపుకీ రెండు మూడు మీటర్లు అటూ ఇటూ అవుతుంటే ధ్యాస చెదిరిందనడానికి అంతకంటే గట్టి రుజువు ఉండదు. పేరు రాకముందు రేసుల ఫైళ్లు దాచి ఉంటే పక్కపక్కన పెట్టి చూపించండి. పదిహేడేళ్లవాడు అమ్మ మాట వినకపోవచ్చు, గ్రాఫ్ మాట వింటాడు.

పరువు సంగతి. 2020లో కరోనా వల్ల అందరూ ఇంట్లో కూర్చుని సిమ్యులేటర్ రేసులు లైవ్‌లో నడిపినప్పుడు ఏం జరిగిందో చూడండి. ఏప్రిల్‌లో అమెరికా రేసర్ కైల్ లార్సన్ మైక్ ఆన్‌లో ఉందని చూసుకోకుండా జాతిని తిట్టే మాట అన్నాడు. టీము తీసేసింది, అక్కడి కార్ల రేసులు నడిపే నాస్కార్ నిలిపేసింది. అదే నెలలో ఇంకో నాస్కార్ రేసర్ బబ్బా వాలెస్ కోపమొచ్చి వర్చువల్ రేసు మధ్యలో వదిలేశాడు, ఒక స్పాన్సర్ వెళ్లిపోయాడు. మే నెలలో ఎలక్ట్రిక్ కార్ల రేసర్ డేనియల్ ఆప్ట్ తన బదులు ఇంకొకణ్ణి కూర్చోబెట్టి నడిపించాడు, అది దొరికింది. పదివేల యూరోల జరిమానాతో పాటు ఆడి టీములో సీటు కూడా పోయింది. సరదాకి చేశానన్నాడు, ఎవరూ వినలేదు. 2022లో రెడ్‌బుల్ టీము కుర్ర రేసర్ యూరి విప్స్ గేమ్ స్ట్రీమ్‌లో అన్న ఒక్క మాటకి రెడ్‌బుల్ ఒప్పందం పోయింది. ఈ నలుగురిలో ఒక్కరిది కూడా తాగి తూలిన కేసు కాదు. లార్సన్ మళ్లీ నిలబడ్డాడు: 2020 అక్టోబరులో నాస్కార్ తిరిగి రానిచ్చింది, 2021లో పది రేసులు గెలిచి ఛాంపియన్ అయ్యాడు. కానీ అంత నైపుణ్యం ఉన్నవాళ్లకే అలాంటి రెండో అవకాశం. కార్టింగ్ కుర్రోళ్లకి రెండో ఫోన్ కాల్ రాదు.

పేరు పనికన్నా ముందొస్తే ప్యాడాక్‌లో (ట్రాకు పక్కన టీములుండే చోట) ఇంకో చిక్కు. "డబ్బిచ్చి సీటు కొన్నాడు" అన్న మాట పుడుతుంది. ఇది మన ఊరికి కొత్త కాదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ మన విజయనగరం రాజకుటుంబీకుడు విజ్జీగారే. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసింది 33 పరుగులు, ఆట ఉన్న లాలా అమర్‌నాథ్‌ని మాత్రం మధ్యలో ఇంటికి పంపేశారు. ఎనభై తొంభై ఏళ్లైనా ఆ టూర్ పేరెత్తితే ఇదే గుర్తొస్తుంది. మెకానిక్‌లు ఇలాంటివి తొందరగా పసిగడతారు. తన బండి తను తోసుకోవడం, టైర్లు తను మోసుకోవడం మానేసిన రోజు నుంచి వాళ్లు చెప్పే నిజాలు తగ్గిపోతాయి.

రోడ్డు మీద రీల్స్ మాత్రం పూర్తిగా బంద్. ఎన్‌హెచ్ 16 మీద భోగాపురం వైపు ఖాళీగా ఉందని కారులో 160 చూపించే వీడియోలు చాలానే తిరుగుతున్నాయి. తమ్ముడి దగ్గరున్న రేసింగ్ లైసెన్స్ ట్రాకుకే, రోడ్డు మీద కారుకి పద్దెనిమిది నిండాలి. మైనర్ నడిపి దొరికితే మోటారు వాహనాల చట్టం కింద కన్నవాళ్లకో బండి యజమానికో మూడేళ్లదాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. వీడియో పెట్టాక పోలీసులు వేరే సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు.

ఇక కాగితాలు. మైనర్ సంతకం చేసిన ఒప్పందం చెల్లదు, నాన్నగారే చెయ్యాలి. రేసు క్యాలెండర్‌ని ఒప్పందానికి జతచేసి, ఆ వారాల్లో హాజరు ఉండదనీ, రౌండ్ తేదీ మారితే హాజరు తేదీ కూడా మారుతుందనీ రాయించండి. ప్రవర్తన బాగోకపోతే రద్దు చేస్తామనే షరతు వాళ్లు పెడతారు. వాళ్ల మీద కేసు పడితే మేమూ తప్పుకుంటామని మీరు పెట్టండి. లోగోలు కుట్టే పని ఊళ్లో టైలర్‌కి ఇవ్వకండి, ముఖ్యంగా రేపు ఫార్ములా కారుకి మారాక. మంటలకి ఆగే సూట్‌లో ప్యాచ్ పైపొరకే కుట్టాలి, అడుగు గుడ్డ కూడా మంటకి ఆగేదై ఉండాలి. మూడు పొరలూ కలిపి మామూలు దారంతో బిగిస్తే స్క్రూటినీలో (రేసుకి ముందు అధికారుల తనిఖీలో) సూట్ పక్కన పెడతారు.

బెట్టింగ్ యాప్ వాళ్లు అందరికన్నా ఎక్కువ ఇస్తామంటారు. 2025 చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్లదాకా జైలు, 50 లక్షలదాకా జరిమానా. తప్పుదోవ పట్టించే ఏ ప్రకటనకైనా వినియోగదారుల చట్టం కింద ప్రచారం చేసినవాడికి పది లక్షలదాకా పడొచ్చు. మిగతా పెయిడ్ పోస్టులకి అది ప్రకటనేనని పైనే కనబడేలా రాయాలి.

వచ్చే డబ్బు సొంత నైపుణ్యంతో సంపాదించింది కాబట్టి నాన్నగారి ఆదాయంలో కలవదు, తమ్ముడి పేరు మీదే లెక్క. ఇప్పుడే పాన్ తీయించండి. డబ్బు బదులు ఫోనో బైకో ఇచ్చినా ఏడాదిలో 20 వేలు దాటితే పది శాతం టీడీఎస్ వాళ్లు కట్టాలి. కట్టారో లేదో అడిగి చూసుకోండి, రిటర్నులో చూపించకపోతే నోటీసు వచ్చేది ఆ పాన్ మీదికే.