బ్రిటిష్ కాలంలో ప్రభుత్వ ఆర్కిటెక్ట్ ఏం చేసేవాడు? మద్రాసు చిజమ్ గురించి నాకు తెలిసింది

"బ్రిటిష్ వాళ్ళ కాలంలో ప్రభుత్వ ఆర్కిటెక్ట్ అంటే అసలు ఏం పని చేసేవాడు? కోర్టులు, కాలేజీలు, స్టేషన్లు అన్నీ ఒక్కడే గీసేవాడా? ఎవరైనా ఒక్కరి జీవితం తీసుకుని వివరంగా చెప్పగలరా?" అని అడిగారు.

నేను ఆర్కిటెక్ట్‌ని కాదు. సివిల్ డిప్లొమా చేసి, చెన్నైలో ఆరేళ్ళు పాత భవనాల మరమ్మతు పనుల్లో సైట్ ఇంజనీరుగా ఉన్నాను. ఆ ఆరేళ్ళలో ఒకాయన చేతిపని ఎక్కడ కనిపించినా గుర్తుపట్టడం అలవాటైపోయింది. ఆయన పేరు రాబర్ట్ ఫెలోస్ చిజమ్. నాకు బాగా తెలిసింది ఆయన సంగతే కాబట్టి అదే చెప్తాను.

మన వైపు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్‌కి వెళ్ళినవాళ్ళంతా తెలియకుండానే ఆయన పని చూసి ఉంటారు. ఆ స్టేషన్‌కి మొదట నమూనా గీసింది జార్జ్ హార్డింగ్. తర్వాత దాన్ని మార్చి, బురుజుల మీద కేరళ ఇళ్ళ పైకప్పుల్లాంటి టోపీలు పెట్టింది చిజమ్. స్టేషన్‌ బయటికొచ్చి రిపన్ బిల్డింగ్ వైపు నడుస్తుంటే దారిలో ఎర్ర ఇటుకల హాలు ఒకటి వస్తుంది, విక్టోరియా పబ్లిక్ హాల్. అది మాత్రం పూర్తిగా ఆయన డిజైనే.

చిజమ్ 1840లో లండన్‌లో పుట్టాడు. ఇరవై దాటిన కొత్తలో ఇండియాకి వచ్చి బెంగాల్ పీడబ్ల్యూడీలో, అంటే సర్కారు కట్టడాలు, రోడ్లు చూసే ప్రజా పనుల శాఖలో చేరాడు. 1864లో మద్రాసు ప్రభుత్వం ప్రెసిడెన్సీ కాలేజీకి, యూనివర్సిటీ సెనేట్ హౌస్‌కి డిజైన్లు కావాలని పోటీ పెడితే ఆయన డిజైన్ గెలిచింది. అప్పటికి ఆయనకి ఇరవై నాలుగేళ్ళు. మరుసటి ఏడు మద్రాసు చేరాడు. తర్వాత ఆ ప్రభుత్వానికే కన్సల్టింగ్ ఆర్కిటెక్ట్ అయ్యాడు.

ఇక మీ అసలు ప్రశ్నకి వస్తాను. ఆ రోజుల్లో పీడబ్ల్యూడీ అంటే ఎక్కువగా మిలిటరీ ఇంజనీర్ల రాజ్యం. రోడ్లు, కాలువలు, బ్యారక్‌లు వాళ్ళ పని. ఒకే రకం నమూనా ప్లాన్ తీసుకుని అన్ని ఊళ్ళలోనూ అదే కట్టేసేవాళ్ళు. కన్సల్టింగ్ ఆర్కిటెక్ట్ వాళ్ళ మధ్య ఒంటరివాడు. పెద్ద భవనాలు గీయాలి, ఖర్చు అంచనాలు తయారుచేయాలి, కోత పడిన అంచనాతోనే మళ్ళీ గీయాలి, వేరేవాళ్ళు గీసినవి దిద్దాలి, పాతవి బాగుచేయాలి. అన్నీ ఒక్కడే గీశాడనుకోకండి. గీసినదాన్ని నిలబెట్టింది కాంట్రాక్టర్లు, మేస్త్రీలు, కూలీలు. విక్టోరియా పబ్లిక్ హాల్ కట్టిన కాంట్రాక్టర్ నంబెరుమాళ్ చెట్టి. ఆయన ఇంటిపేరు తాటికొండ.

ఆయన జీవితం తెలుసుకోవాలంటే నేను చెప్పే మార్గం ఒక గంట నడక. మెరీనా రోడ్డు మీద వివేకానంద హౌస్ దగ్గర మొదలుపెట్టి ఉత్తరంగా కూవం నది వైపు నడవండి. ముందు ప్రెసిడెన్సీ కాలేజీ వస్తుంది. 1870లో ఎడిన్‌బరో డ్యూక్ వచ్చి దాన్ని ప్రారంభించాడు. ఇటలీ పద్ధతిలో కట్టినది. బాగుంటుంది, కాదనను. కానీ ఆ భవనాన్ని ఏ సముద్రం ఒడ్డున పెట్టినా ఒకటే. మద్రాసు అని చెప్పే గుర్తు ఒక్కటీ కనపడదు. కందుకూరి వీరేశలింగం గారు కొన్నేళ్ళు తెలుగు పండితులుగా పనిచేసింది ఈ కాలేజీలోనే. 1909లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పాఠాలు చెప్పడం మొదలుపెట్టిందీ ఇక్కడే.

ఇంకొంచెం ముందుకి వెళ్తే చేపాక్ ప్యాలెస్. ఆర్కాటు నవాబు వాలాజా 1768లో కట్టించుకున్న మహలు. 1855లో నవాబు వారసుడు లేకుండా పోవడంతో కంపెనీ ఆ బిరుదు రద్దు చేసింది, మహలు ప్రభుత్వం చేతికొచ్చి ఆఫీసులైంది. హుమాయూన్ మహల్, ఖలస్ మహల్ అనే రెండు భాగాల మధ్య ఒక బురుజు కట్టే పని, పక్కనే రెవెన్యూ బోర్డుకి ఆఫీసు కట్టే పని చిజమ్‌కి పడ్డాయి. అప్పటి గవర్నర్ నేపియర్‌కి కట్టడాలంటే పిచ్చి ఇష్టం. ఇండియాలో సర్కారు భవనాలు ఇక్కడి ముస్లిం కట్టడాల పద్ధతిలోనే ఉండాలని 1870లో ఉపన్యాసమే ఇచ్చాడు. పాతదాని పక్కన కొత్తది అతుకులా కనపడకూడదు కాబట్టి చిజమ్ ఆ కమానులు, గుమ్మటాలు, చిన్న మినార్లు కూర్చుని నేర్చుకున్నాడు. 1871 కల్లా పని అయింది.

మూడోది సెనేట్ హౌస్, 1874 నుంచి 1879 దాకా కట్టారు. నాలుగు మూలలా నాలుగు బురుజులు, మీద గుమ్మటాలు, రంగురంగుల అద్దాల కిటికీలు. కాలేజీ గీసిన చెయ్యేనా ఇది అనిపిస్తుంది. మధ్యలో గడిచింది పదేళ్ళే. దక్షిణం నుంచి నడిస్తే ఒక మనిషి మారడం వరసగా కనపడుతుంది. కారులో వెళ్తే ఇది తెలియదు, నడిచే చూడాలి.

ఆ పదేళ్ళలో ఆయన ఏం చేశాడంటే, తిరిగాడు. మదురైలో తిరుమల నాయకుడి మహలు కూలిపోయే స్థితిలో ఉంటే నేపియర్ దాన్ని బాగుచేయించాలనుకున్నాడు. ఆ పని చిజమ్‌కి వచ్చింది. మన తెలుగు నాయక రాజులు పదిహేడో శతాబ్దంలో కట్టించిన మహలు అది. అంత లావు స్తంభాలు, వాటి మీద అంత పెద్ద కమానులు. ఆ కమానులు ఇటుక, సున్నం, గచ్చు పనే. తర్వాత తిరువనంతపురం వెళ్ళి నేపియర్ మ్యూజియం గీశాడు. అక్కడి చెక్క ఇళ్ళ కోసుగా ఉండే పైకప్పులు, గాలి ఆడే పద్ధతి చూసి మ్యూజియంలో పెట్టాడు. 1880లో అది పూర్తయింది. ఆ పైకప్పులే తర్వాత మద్రాసు జీపీఓ (పెద్ద పోస్టాఫీసు) మీదికి, విక్టోరియా హాల్ మీదికి వచ్చాయి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఇది లేకపోతే నాకు చిజమ్ అర్థమయ్యేవాడు కాదు.

నా మొదటి సైటు ఆ కాలపు సర్కారు భవనమే, చిజమ్‌ది కాదు. గోడలు రెండడుగుల పైన మందం. మాకంటే ముందు ఎవరో పగుళ్ళన్నిటికీ సిమెంటు పూసి వెళ్ళారు. పైకి నున్నగానే ఉంది. ఒకచోట సిమెంటు పెచ్చు లేపి చూస్తే లోపలి ఇటుక వేలితో గీకితే పొడిపొడిగా రాలుతోంది. తడి బయటికి పోయే దారి లేక ఉప్పు పట్టింది. నాకు టెన్షన్ పట్టుకుంది. చదువుకున్నదాంట్లో సున్నం గురించి రెండు పేజీలు కూడా లేవు. మా పెద్ద మేస్త్రీది నెల్లూరు వైపు, చిన్నప్పుడే మద్రాసు వచ్చేసినాయన. ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించి, "చూడబ్బయా, ఇది గాలి పీల్చే గోడ. దీనికి సిమెంటు కొడితే ముక్కూ నోరూ మూసినట్టే" అన్నాడు.

ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గుల్లసున్నం నీళ్ళల్లో వారాల తరబడి నానాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసి మెత్తగా నూరాలి. తాపీతో ఎత్తి వంచితే ముద్ద జారాలి, తాపీకి అంటుకుని వేలాడకూడదు. వేలాడితే ఇంకా నలగలేదన్నమాట. ఆఖరి పూతలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి, నున్నటి రాయితో గంటలు గంటలు రుద్దుతారు. రుద్దే కొద్దీ గోడకి చెమట పడుతుంది. తుడిచి మళ్ళీ రుద్దాలి. మూడోరోజు ఆ గోడకి చెంప ఆనిస్తే మే నెల మధ్యాహ్నం కూడా చల్లగా ఉంది. మేస్త్రీ వేళ్ళు మాత్రం సున్నానికి పగిలిపోయి, రాత్రి కొబ్బరినూనె రాసుకుంటే తప్ప ముడుచుకునేవి కావు.

అప్పుడు నాకు అనిపించింది, చిజమ్ కాగితం మీద ఎంత గీసినా ఆ గీత గోడగా మారింది ఇలాంటి చేతుల్లోనే అని. ఆయనకీ ఈ సంగతి తెలుసనే నా నమ్మకం. 1877 నుంచి కొన్నేళ్ళు మద్రాసు ఆర్ట్ స్కూల్ బాధ్యత కూడా ఆయనే చూశాడు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టర్ పెట్టిన స్కూలు అది. ఇక్కడి చేతిపనివాళ్ళ నైపుణ్యం పోకూడదని చిజమ్ పట్టుబట్టినవాడు. కానీ సెనేట్ హౌస్ గచ్చు రుద్దిన మేస్త్రీల పేర్లు ఎక్కడా రాసిలేవు. ఆ భవనం ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకు బాధ కలిగేది ఇందుకే.

ఇంకో మాట దాటేసి పోలేను. సెనేట్ హౌస్ లేస్తున్న ఆ ఏళ్ళలోనే, 1876-78 మధ్య, మన రాయలసీమను ధాత కరువు తుడిచిపెట్టేసింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం లక్షల్లో పోయారు. భూమిశిస్తు వ్యవహారాలన్నీ చూసింది రెవెన్యూ బోర్డు, అంటే చిజమ్ చేపాక్‌లో కట్టిన ఆ అందమైన ఆఫీసే. మా అమ్మమ్మ వాళ్ళది కడప జిల్లా. ఆ కమానుల కింద నిలబడి పైకి చూస్తే మెచ్చుకోవడమూ వస్తుంది, గొంతుకి ఏదో అడ్డమూ పడుతుంది. రెండూ నిజమే, ఒకదాన్ని కొట్టేసి ఇంకోదాన్ని మాత్రం చెప్పలేను. మొఘలుల తర్వాత మేమే అని చూపించుకోవడానికి తెల్ల దొరలు ఈ గుమ్మటాలు వాడుకున్నారన్న మాటలోనూ నిజముంది.

విక్టోరియా హాల్‌తో మనకి ఇంకా దగ్గర బంధం ఉంది. 1883 డిసెంబరులో దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతి రాజు గారు. కట్టడం 1888లో మొదలై 1890కి పూర్తయింది. 1891లో బళ్ళారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి సరస వినోదిని సభ మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. అవి చూసి ఉత్సాహం పొందిన పమ్మల్ సంబంధ ముదలియార్ అదే ఏడు సుగుణ విలాస సభ మొదలుపెట్టారు. ఆ సభ నాటకాలకి ఈ హాలే ఇల్లయింది. సుగుణ విలాస సభ కథ చెప్పేవాళ్ళు మన బళ్ళారి బృందాన్ని తలుచుకోకుండా మొదలుపెట్టరు.

హాలు లేచేసరికి చిజమ్ మద్రాసులో లేడు. అప్పటికే బరోడా వెళ్ళిపోయాడు. అక్కడ లక్ష్మీ విలాస్ ప్యాలెస్ గీసిన మేజర్ చార్లెస్ మాంట్ 1881లో మధ్యలోనే చనిపోయాడు. తన లెక్కలు తప్పాయేమో, కట్టినవన్నీ కూలిపోతాయేమో అన్న భయంతో ఆయన మనసు చెదిరిపోయిందని చెప్పుకుంటారు. సైట్లో పనిచేసినవాళ్ళకి ఆ భయం కొత్త కాదు. కమాను ఆరేదాకా కింద మోసే చెక్క ఆసరా, సెంట్రింగ్, విప్పే రోజు నాకూ నిద్ర పట్టేది కాదు. మాంట్ వదిలేసిన ప్యాలెస్‌ని చిజమ్ 1890కి పూర్తిచేశాడు. అది ఈనాటికీ నిలబడే ఉంది. బరోడా కాలేజీకి బీజాపూర్ గోల్ గుంబజ్‌ని తలపించే గుమ్మటం పెట్టింది కూడా ఆయనే. మద్రాసులో ఆయన కుర్చీ తర్వాత హెన్రీ ఇర్విన్‌కి వచ్చింది. మైసూరు ప్యాలెస్ గీసిన ఇర్విన్ ఆయనే.

ముసలితనంలో చిజమ్ లండన్ చేరి స్లోన్ టెర్రస్‌లో ఒక చర్చి కట్టాడు. 1907లో అది తెరిచారు. ఇప్పుడది కాడొగన్ హాల్ అనే కచేరీ మందిరం. లండన్‌లో ఉన్న తెలుగువాళ్ళు ఎప్పుడైనా అటు వెళ్తే పైన బురుజు చూడండి. 1915లో ఆయన చనిపోయాడు.

చేపాక్‌లో ఖలస్ మహల్ 2012 జనవరిలో కాలిపోయింది. అప్పుడు నేను చెన్నైలోనే ఉన్నాను. మరునాడు వెళ్తే రోడ్డు మీదికే తడి బూడిద వాసన. పైకప్పు దూలాలు లోపలికి పడిపోయి, కమానులు మాత్రం మసి పట్టి నిలబడి ఉన్నాయి. తర్వాత సున్నంతోనే దాన్ని మళ్ళీ నిలబెట్టారు. నేను ఆ పనిలో లేను, కానీ మా మేస్త్రీకి తెలిసినవాళ్ళు కొందరు ఉన్నారని చెప్పాడు.

మీరు చెన్నై వెళ్తే ఆయన భవనాల్లో ఎవరి అనుమతీ అడగకుండా లోపలికి వెళ్ళగలిగేది జీపీఓ, బీచ్ స్టేషన్ ఎదురుగా రాజాజీ సాలై మీద ఉంటుంది. 1884 నుంచి అక్కడ ఉత్తరాలు తీసుకుంటూనే ఉన్నారు. 2000లో మంటల్లో బాగా దెబ్బతింది, బాగుచేసి మళ్ళీ తెరిచారు.  ఒక స్టాంపు కొనుక్కుని, ఉత్తరం అంటించే బల్ల దగ్గర నిలబడి, తల ఎత్తి నిదానంగా చూడండి. ఎవరూ ఏమీ అనరు. నేనైతే ప్రతిసారీ అమ్మకి ఒక కార్డు రాసి అక్కడే డబ్బాలో వేసి వచ్చేవాణ్ణి.