ఎస్‌సీసీ యాంటిజెన్ పెరిగితే క్యాన్సర్ తిరగబెట్టినట్టేనా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కీమో, రేడియేషన్ పూర్తయి ఎనిమిది నెలలైంది. చికిత్సకు ముందు 14 ఉన్న ఎస్‌సీసీ యాంటిజెన్ తర్వాత 1.1కి దిగింది. ఇప్పుడు 2.3 వచ్చింది. జబ్బు తిరగబెట్టిందా? నాకు 34 ఏళ్లు. లోపలి పరీక్షంటే భయం. ముందుజాగ్రత్తగా నేనూ ఈ రక్తపరీక్ష చేయించుకోవచ్చా?

జవాబు: ఒక్క రిపోర్టుతో తిరగబెట్టిందని చెప్పలేం. అలాగని దాన్ని పక్కన పెట్టేయకూడదు. ఎస్‌సీసీ యాంటిజెన్ అంటే రక్తంలో కొలిచే ఒక ప్రొటీన్. ఇది క్యాన్సర్ కణాల్లోనే కాదు, మామూలు చర్మంలో, శ్వాసనాళాల్లో కూడా ఉంటుంది. సోరియాసిస్, ఎగ్జిమా, కొన్ని ఊపిరితిత్తుల జబ్బుల్లో పెరుగుతుంది. రక్తనమూనాకు చెమటో లాలాజలమో తగిలినా అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది కిడ్నీలు. అవి సరిగా పనిచేయకపోతే ఈ ప్రొటీన్ రక్తంలో పేరుకుంటుంది. కీమోలో ఎక్కువగా వాడే సిస్‌ప్లాటిన్ కిడ్నీలను దెబ్బతీయగలదు. కాబట్టి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి. అది ఎక్కువుంటే మందు ప్రభావమేలే అని సరిపెట్టుకోవద్దు, అల్ట్రాసౌండ్ కూడా తీయించండి. పొత్తికడుపులో మళ్లీ పెరిగిన గడ్డ మూత్రనాళాన్ని నొక్కినా కిడ్నీ వాస్తుంది.

మూడు, నాలుగు వారాల తర్వాత అదే ల్యాబ్‌లో పరీక్ష మళ్లీ చేయించండి. చాలా ల్యాబులు మిల్లీలీటరుకు 1.5 నానోగ్రాములను హద్దుగా చూపినా, పరీక్ష పద్ధతిని బట్టి అది మారుతుంది. రెండు ల్యాబుల అంకెలను పోల్చుకుని కంగారుపడేవాళ్లే ఎక్కువ. రెండోసారీ పెరిగితే మాత్రం బాధలేమీ లేకపోయినా పెల్విక్ పరీక్ష, ఎంఆర్‌ఐ లేదా పెట్-సీటీ అవసరం. జబ్బు బయటపడడానికి కొన్ని నెలల ముందే ఈ అంకె పెరగొచ్చు. రక్తస్రావం, ఒక కాలు వాపు, తగ్గని నడుంనొప్పి ఉంటే రెండో రిపోర్టు కోసం ఆగొద్దు.

ఇక మీ సంగతి. ఈ పరీక్ష మీకు పనికిరాదు. స్క్రీనింగ్‌లో పట్టుకోవాల్సింది క్యాన్సర్‌కు ముందు మార్పులను. అవి పైపొరకే పరిమితమై ఉంటాయి కాబట్టి రక్తంలో నమ్మదగ్గ జాడ దొరకదు. తొలిదశ క్యాన్సర్‌లోనూ చాలామందికి నార్మలే వస్తుంది. మీకు కావాల్సింది హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష, అంటే ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ ఉందేమో చూసే పరీక్ష. భయమంటున్నారు కదా, దీనికి యోని నుంచి స్వాబ్‌తో నమూనా మీరే తీసుకోవచ్చు. నెగెటివ్ వస్తే మళ్లీ ఐదేళ్లకు చేయించుకుంటే చాలు. పాజిటివ్ అంటే క్యాన్సర్ ఉన్నట్టు కాదు, కానీ అప్పుడు డాక్టర్ ముఖద్వారాన్ని చూడాల్సిందే. కలయిక తర్వాత రక్తం కనిపిస్తుంటే స్వాబ్‌తో సరిపెట్టుకోకుండా నేరుగా గైనకాలజిస్టును కలవండి.